బుల్లి గేమ్ యంత్రం పంపిణీ ఎందుకు ఆగింది: ఒక రెసిస్టర్, ఒక డై, 240 మంది ఎదురుచూపు

తార్నాక తయారీ (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదిగా, తాళంచెవుల గుత్తికి వేలాడేంత చిన్నదిగా ఉండే పాతకాలపు గేమ్ యంత్రం కోసం మీలో 240 మంది తలా 3,500 రూపాయలు క్రౌడ్‌ఫండింగ్‌లో ముందుగానే కట్టారు. దసరాకు అందజేస్తామన్న మాట తప్పాం. ఇప్పుడు సంక్రాంతి కూడా దాటుతోంది కనుక, కారణాన్ని వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

పరీక్షించి చూస్తామని ముందుకు వచ్చిన 40 మందికి తొలి విడత ఇచ్చాం. మూడు వారాలకు మల్కాజిగిరి నుంచి ఒకరు ఫొటో పంపారు. యంత్రం వెనుక మూత మధ్యలో బొడిపెలా లేచి ఉంది, కింది అంచు దగ్గర గోరు దూరేంత సందు ఏర్పడింది. బ్యాటరీ ఉబ్బిందని చూడగానే తెలిసిపోయింది. అదే రోజు మిగతావారందరికీ ఫోన్ చేసి ఛార్జింగ్ పెట్టవద్దని చెప్పాం. తరువాత నలుగురం బండ్లు వేసుకొని ఊరంతా తిరిగి, వారంలోపల 40 యంత్రాలూ వెనక్కి తెచ్చుకున్నాం.

తప్పు మాదే. ఛార్జింగ్ పనిని టీపీ4056 అనే చిప్ చూసుకుంటుంది. దాని ఒక కాలికి తగిలించిన రెసిస్టర్ విలువను బట్టి బ్యాటరీలోకి వెళ్లే కరెంటు ఎంతో నిర్ణయమవుతుంది. అక్కడ 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే 1,000 మిల్లీ ఆంపియర్లు, 5.1 కిలో ఓమ్‌లది ఉంటే దాదాపు 235 మిల్లీ ఆంపియర్లు వెళతాయి. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే నీలిరంగు ఛార్జర్ బోర్డుల మీద 1.2 ఉంటుంది, ఎందుకంటే వాటిని పెద్ద గొట్టపు సెల్లుల కోసం చేస్తారు. మేము ఆ సర్క్యూట్‌ను ఉన్నదున్నట్టుగా మా బోర్డు మీదికి దించుకున్నాం. నమూనా దశలో బల్ల మీద 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్ తగిలించి పరీక్షించాం. దానికి ఆ కరెంటు లెక్కలోది కాదు కనుక సెల్ చల్లగానే ఉండేది. అసలు పెట్టెలో పట్టేది 300 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్ మాత్రమే. పసిబిడ్డ నోట్లో పెద్ద ముద్ద కుక్కినట్టు, ఆ చిన్న సెల్‌కు ఓర్చుకోగలిగినదానికి మూడు రెట్లకు మించిన కరెంటు పెట్టాం.

ఇప్పుడు 240 బోర్డుల మీదా ఆ ఒక్క రెసిస్టర్‌ను మార్చాలి. పొడవు 1.6 మిల్లీమీటర్లు, వెడల్పు 0.8, అంటే ఆవగింజంత ఉంటుంది. ఇద్దరం కూర్చుంటే రోజుకు ముప్పై బోర్డులు అవుతున్నాయి.

పాత కార్ట్రిడ్జ్:

దాపరికం లేకుండా చెప్పినందుకు ధన్యవాదాలు. అయినా నా అసంతృప్తిని దాచుకోను. చవితి చందా ఇచ్చినవాడు లెక్క అడగకపోయినా, సందు చివర విగ్రహం లేచిందో లేదో కళ్లారా చూడగలడు. ఇక్కడ మాకు ఆ మాత్రం కూడా కనబడలేదు. నవంబరులో మీరు పెట్టిన ఫొటోలో యంత్రాలు వరుసగా పేర్చి ఉన్నాయి. అప్పటికే సిద్ధమయ్యాయనుకొని మా అన్నయ్య కొడుకుకు పుట్టినరోజు కానుకగా మాట ఇచ్చేశాను.

ఇలాంటి ప్రాజెక్టులు ఎలా ముగుస్తాయో తెలియక అడగడం లేదు. 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ మాలిక్ కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వేదికలో డబ్బు పెట్టిన దాదాపు 47,000 మందిని అడిగి చూస్తే, 9 శాతం ప్రాజెక్టులు ఇస్తామన్నది ఇవ్వలేదని తేలింది. 2016లో అలాంటిదే అయిన ఇండీగోగోలో 5 లక్షల పౌండ్లకు పైగా పోగుచేసిన స్పెక్ట్రమ్ వేగా ప్లస్ అనే చేతి యంత్రం సంగతి మన సభ్యులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డబ్బు కట్టినవారిలో ఎక్కువమందికి వస్తువు అందకుండానే ఆ సంస్థ మూతపడింది. మీరు ఆ 9 శాతంలో చేరరనే నమ్ముతున్నాను. అయితే డబ్బు ఎక్కడెక్కడ పోయిందో రెండు ముక్కల్లో చెప్పండి. పరాయి దేశపు ఇంత పెద్ద వేదికలు ఉండగా మీ సొంత పేజీలో ఎందుకు వసూలు చేశారో కూడా చెప్పండి.

తార్నాక తయారీ:

రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. భారతదేశంలో ఉండేవారు కిక్‌స్టార్టర్‌లో డబ్బు పెట్టవచ్చు గాని, సొంత పేరుతో ప్రాజెక్టు తెరిచే వీలు లేదు. విదేశంలో కంపెనీ పెట్టుకొని దారి వెతకడం మా స్థాయికి మించిన పని.

ఇక లెక్క. మొత్తం వచ్చినది 8,40,000 రూపాయలు. అందులో ప్లాస్టిక్ పెట్టెను పోతపోసే అచ్చు, అంటే డైకే 2,40,000 అయింది, అంటే మీలో ఒక్కొక్కరి మీద సరిగ్గా వెయ్యి రూపాయలు. ఇదే డైతో 2,400 యంత్రాలు చేసి ఉంటే తలకు వంద పడేది. చిన్న విడత చేసేవాడిని ముంచేది చిప్‌లు కావు, ఇలాంటి ఒక్కసారి పెట్టే ఖర్చులే. తెర, బోర్డు, చిప్‌లు, వాటి బిగింపు కలిపి యంత్రానికి 1,500 దాకా అయ్యాయి. మిగిలినది ల్యాబ్ పరీక్షలకు, సెల్లులకు, కొరియర్లకు సరిపోవాలి. ఇప్పుడు పారేస్తున్న 40 సెల్లుల ఖర్చును మా జేబుల్లోంచి పెడుతున్నాం. నవంబరు ఫొటోలో పేర్చినవి ఖాళీ పెట్టెలు. లోపల బోర్డులు లేవు. ఆ సంగతి ఫొటో కింద రాసి ఉండాల్సింది.

కోఠి సోల్డర్:

నేను ఇరవై ఏళ్లుగా గుజరాతీ గల్లీలో రిపేర్ల దుకాణం నడుపుతున్నాను. పెద్ద సెల్ కోసం చేసిన ఆ నీలిరంగు బోర్డును చిన్న సెల్‌కు తగిలించి ఉబ్బించుకున్నవారు నెలకు ఇద్దరైనా వస్తారు కాబట్టి మీరు సిగ్గుపడనవసరం లేదు. "ప్రొటెక్షన్ చిప్ ఉంది కదా" అని మీలో ఎవరైనా అనుకుంటే, అది వేరే కాపలా. సెల్ వోల్టేజీ హద్దు దాటినా, మరీ అడుగంటినా, షార్ట్ అయినా అది తెంపుతుంది. ఛార్జర్ పద్ధతిగానే, కాకపోతే ఎక్కువ కరెంటుతో నింపుతుంటే దానికి ఏమీ పట్టదు.

మీరు ఎలాగూ బోర్డు విప్పుతున్నారు కనుక ఇంకొకటి చూసుకోండి. టీపీ4056కు ఉష్ణోగ్రత చూసే కాలు ఒకటి ఉంటుంది. చవక బోర్డుల్లో దానిని నేరుగా గ్రౌండ్‌కు కలిపి ఆ సదుపాయాన్ని చంపేస్తారు. మీరూ అదే దించుకొని ఉంటారు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగ్ పెట్టే మహానుభావులు మన ఊళ్లో ఉన్నారు. ఈ విడతకు కాకపోయినా, వచ్చే విడతకైనా అక్కడ వేడిని కనిపెట్టే థర్మిస్టర్ పెట్టండి.

యూఎస్‌బీ-సీ సాకెట్‌లో యంత్రం తగిలిందని ఛార్జర్‌కు తెలిపే సీసీ కాళ్లు రెండింటికీ విడివిడిగా 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయా? 2019లో వచ్చిన రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ తొలి బోర్డుల్లో ఆ రెండింటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టడంతో, కొన్ని ఖరీదైన కేబుళ్లతో అది అసలు పవర్ తీసుకోలేదు.

తార్నాక తయారీ:

విడివిడిగానే పెట్టాం. ఆ 5.1 రీలు మా దగ్గర ఉండబట్టే ఛార్జింగ్ కాలికి కూడా అదే విలువ ఎంచుకున్నాం, కొత్త సరుకు తెప్పించే పని తప్పింది. ఉష్ణోగ్రత కాలు గురించి మీ ఊహ నిజమే, మాది గ్రౌండ్‌కే కలిసి ఉంది. ఈ విడతలో దానిని మార్చలేం. 235 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఎండలో పెట్టి చూసి ఫలితం ఇక్కడ రాస్తాను.

పాత కార్ట్రిడ్జ్ గారికి ఒక మాట. బ్యాటరీ దగ్గర తడబడినవారిలో మాకంటే చాలా పెద్దవారూ ఉన్నారు. పానిక్ సంస్థ తయారుచేసిన ప్లేడేట్ అనే చేతి గేమ్ యంత్రాలు 2021 చివరలో తొలి 5,000 సిద్ధమయ్యాక, వాటిలో కొన్నింటి బ్యాటరీలు ఛార్జి నిలుపుకోవడం లేదని బయటపడింది. అన్నింటినీ మలేసియాలోని ఫ్యాక్టరీకి తిప్పి పంపి, బ్యాటరీలు మార్పించి, 2022లో అందించారు. ఇది మా తప్పుకు సాకు కాదు. ఆగి సరిచేయడమే సరైనదని మాకు ధైర్యం వచ్చింది అక్కడి నుంచే. 1989లో నింటెండో తెచ్చిన చేతి గేమ్ యంత్రం గేమ్‌బాయ్‌కు ఈ తలనొప్పే లేదు, నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే సరిపోయేది.

బాలానగర్ డై:

డై ఖర్చు ప్రస్తావన వచ్చింది కనుక నేనూ చెబుతాను. నేను బాలానగర్‌లో టూల్ రూమ్‌లో పనిచేస్తాను. ఈ డై కోసింది మేము కాదు, పక్క షెడ్డువారు, కాని తొలి పెట్టెలను నా చేతితో పట్టి చూశాను. బాణాల బటన్‌ను కిందికి నొక్కితే అక్కడే ఇరుక్కుపోయి, గోటితో లేపాల్సి వచ్చేది. ఆ సంగతి మొదటి టపాలో లేదు.

కారణం డైలో లేదు. ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లారేటప్పుడు సుమారు అర శాతం కుంచించుకుపోతుంది. 48 మిల్లీమీటర్ల పెట్టెకు అది పావు మిల్లీమీటరు. డై కోసేవాడు ఆ మేరకు ముందే పెంచి కోస్తాడు. వీరు మధ్యలో మనసు మార్చుకొని, లోపలి బోర్డు మసకగా కనిపిస్తే బాగుంటుందని అదే డైలో పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్‌ను పోయించారు. అది ఒకటిన్నర శాతానికి అటూ ఇటూ కుంచించుకుంటుంది. లోపలి సర్క్యూట్ బోర్డు మాత్రం కుంచించుకోదు కదా. దానితో పెట్టె రంధ్రాలు, బోర్డు మీది స్విచ్‌లు ఒకదానికొకటి దాదాపు అర మిల్లీమీటరు తప్పాయి. పెద్ద రిమోట్‌లో ఆ తేడా ఎవరికీ తెలియదు, తాళంచెవుల గుత్తిలో వేలాడే వస్తువులో అదే సర్వనాశనం. త్రీడీ ప్రింటర్‌లో తీసిన నమూనా చక్కగా కూర్చున్నదని ధీమా పడినవారందరూ ఇక్కడే బోర్లా పడతారు.

ఇంకొకటి. వెనుక మూత మీద స్క్రూల దగ్గర నాలుగు చిన్న సొట్టలు ఉన్నాయి. లోపల స్క్రూ పట్టే గొట్టాల గోడ మరీ మందంగా ఉంది. బయటి గోడ మందంలో అరవై శాతానికి మించకుండా పలచన చేస్తే ఆ సొట్టలు పోతాయి.

తార్నాక తయారీ:

పూర్తిగా అంగీకరిస్తున్నాను. పాలీప్రొపిలీన్ ఆలోచన నాదే, అందంగా ఉంటుందనిపించింది. మళ్లీ బూడిదరంగు ఏబీఎస్‌కు వచ్చేశాం, బటన్ ఇప్పుడు ఇరుక్కోవడం లేదు. సొట్టలు మాత్రం ఉంటాయి. వాటి కోసం డైని మళ్లీ పనిలోకి దించాలంటే ఇంకో నెల పడుతుంది.

ఒత్తు పొల్లు:

నేను డబ్బు కట్టినది తెలుగు మెనూ ఉంటుందన్న ఒక్క మాట మీద. 40 మంది పరీక్షకులలో నేనూ ఒకరిని. యంత్రం తిరిగి ఇచ్చేముందు భూతద్దం పెట్టి చూశాను. మీ సొంత ఆట "పులి–మేక" పేరు తెర మీద "వులి–మేక" అని కనబడుతోంది.

ఎందుకో చెబుతాను. మీ యంత్రం గేమ్‌బాయ్ ఆటలను ఆడిస్తుంది కదా, ఆ గేమ్‌బాయ్ తెర 160×144 చుక్కలు. మీ తెర 240×240. గేమ్‌బాయ్ బొమ్మను వెడల్పంతా నింపాలంటే ఒకటిన్నర రెట్లు పెంచాలి, అంటే ప్రతి రెండు చుక్కలు మూడు కావాలి. ఆ మూడింటిలో రెండు ఒకే చుక్కకు నకళ్లు కనుక, ఒక చుక్క మందం ఉన్న గీత ఒకచోట ఒంటరిగా, పక్కనే జంటగా కనబడుతుంది. ఇంగ్లిషు అక్షరాలు దీనిని తట్టుకుంటాయి. మనకు "ప", "వ" అక్షరాల మధ్య తేడా తలకట్టు అంటుకోకపోవడం, అంటుకోవడం మాత్రమే. ఆ ఒక్క చుక్క సందు పూడుకుపోతే పులి కాస్తా వులి అవుతుంది. పైగా గేమ్‌బాయ్ బొమ్మలన్నీ 8×8 చుక్కల గళ్లలో కూర్చినవి. "స్త్రీ" అనే మాటలో గుడిదీర్ఘం పైన, అక్షరం మధ్యలో, రెండు ఒత్తులు కింద వస్తాయి. మూడంతస్తుల మేడను ఎనిమిది చుక్కల గదిలో కట్టలేరు.

తార్నాక తయారీ:

వులి సంగతి చూసి ముందు నవ్వుకున్నాం, తరువాత రెండు రాత్రులు దాని మీదే కూర్చున్నాం. ఇప్పుడు మెనూను, మా సొంత ఆటలను గేమ్‌బాయ్ దారిలో కాకుండా నేరుగా 240×240లో గీస్తున్నాం. ఒత్తులను, గుణింతాలను కూర్చే ప్రోగ్రామును ఇంత చిన్న యంత్రంలోకి ఎక్కించే బదులు, ప్రతి తెలుగు వాక్యాన్నీ కంప్యూటర్‌లోనే 24 చుక్కల ఎత్తున్న బొమ్మగా మార్చి దాచాం. నలుపు తెలుపుల్లో ఒక వరుసకు 720 బైట్లే పడుతుంది. మెనూ అంతా కలిపి అరవై వరుసలు కూడా లేవు.

వేగం గురించి కొందరు విడిగా అడిగారు. 240×240 తెరకు చుక్కకు 16 బిట్ల చొప్పున, సెకనుకు 60 సార్లు పంపాలంటే 5 కోట్ల 53 లక్షల బిట్లు ఒకే తీగ మీద వెళ్లాలి. తెరలోని ఎస్‌టీ7789 చిప్ దాదాపు 6 కోట్ల 25 లక్షల వరకు తట్టుకుంటుంది కాబట్టి పని జరుగుతోంది గాని, వెసులుబాటు ఏమీ మిగలడం లేదు. యంత్రాన్ని నడిపే ఆర్‌పీ2040 చిప్‌లోని 264 కిలోబైట్ల మెమరీలో తెర బొమ్మ ఒక్కటే 1,15,200 బైట్లు తినేస్తుంది. అందుకే గేమ్‌బాయ్ ఆటలప్పుడు బొమ్మ మొత్తం దాచకుండా, ఒక్కొక్క గీతను పెంచుతూ పంపుతున్నాం.

పాత కార్ట్రిడ్జ్:

పెట్టెతో పాటు పాత ఆటలన్నీ కార్డులో వేసి ఇస్తారా, లేదా? మా చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌లో కొన్న ఇటుకల గేమ్ మీద "9999 ఇన్ 1" అని రాసి ఉండేది. అందులో నిజంగా ఉన్నవి నాలుగైదు ఆటలే, మిగతావన్నీ వేగం మార్చిన వేషాలని తెలియడానికి నాకు ఒక వేసవి పట్టింది.

నాంపల్లి నల్లకోటు:

వారు వేసి ఇవ్వకూడదు, మీరు అడగనూ కూడదు. పాత ఆటల హక్కులు ఇంకా వాటి యజమానుల దగ్గరే ఉన్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఎఎ) ప్రకారం, ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రతిని న్యాయబద్ధంగా కలిగి ఉన్న వ్యక్తి, అది పోతే ఇబ్బంది కలగకుండా తాత్కాలిక రక్షణగా నకలు తీసి ఉంచుకోవచ్చు. మీ దగ్గర అసలు కార్ట్రిడ్జ్ ఉంటే ఆ వాదనకు చోటుంది. 240 కార్డుల్లో వేసి అమ్మే తయారీదారుకు ఆ సెక్షన్‌లో నిలువ నీడ కూడా దొరకదు.

నా అసలు ప్రశ్న తయారీదారుకు. 2012లో కేంద్రం ఎలక్ట్రానిక్ వస్తువుల తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు ఇచ్చినప్పుడు తొలి జాబితాలోనే వీడియో గేములు ఉన్నాయి. మీ పెట్టె మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ సంఖ్య ఉంటుందా?

తార్నాక తయారీ:

ఉంటుంది. జాప్యంలో సగం దాని వల్లనే. 40 మందికి ఇచ్చినవి అమ్మకపు యంత్రాలు కావు, పరీక్షకు ఇచ్చి తిరిగి తీసుకునే నమూనాలు. రెసిస్టర్ మార్చిన బోర్డునే ల్యాబ్‌కు మళ్లీ ఇచ్చాం. సంఖ్య చేతికి వచ్చాకే మొదటి పార్సిల్ కదులుతుంది. యంత్రంలో మా ఆటలు నాలుగు, రచయితలు స్వేచ్ఛగా పంచుకోవడానికి అనుమతించిన కొత్త ఆటలు కొన్ని ఉంటాయి.

డాలస్ అల్లుడు:

అమెరికాకు పంపుతారా అని అడిగితే కొరియర్ దుకాణంలో బ్యాటరీ మాట వినగానే తల అడ్డంగా ఊపారని మా బావమరిది చెప్పాడు.

తార్నాక తయారీ:

వారు అడిగేది యూఎన్ 38.3 పరీక్ష పత్రం. లిథియం సెల్‌ను కుదుపు, వేడి, తక్కువ పీడనం, షార్ట్ వంటివాటికి గురిచేసి చూసిన పరీక్షల సారాంశం అది. 2020 జనవరి నుంచి సెల్ తయారీదారు దానిని అందుబాటులో ఉంచాలి. మా సెల్‌కు ఆ పత్రం ఉంది గాని, ఒకటీ అరా పార్సిల్ కోసం దానిని చదివే ఓపిక కౌంటర్ల దగ్గర దొరకడం లేదు. మీ అత్తమామలు ఎప్పుడైనా బయలుదేరుతుంటే వారి చేతికి ఇస్తాం. మా సెల్ శక్తి 1.11 వాట్ అవర్లు, విమానంలో వెంట తీసుకెళ్లే వస్తువులకు సాధారణ హద్దు 100. ఆవకాయ పెద్ద పెట్టెలోకి, యంత్రం చేతిసంచిలోకి వెళ్లాలి. తారుమారు చేయవద్దని చెప్పండి.

తార్నాక తయారీ (ఐదు వారాల తరువాత):

రిజిస్ట్రేషన్ సంఖ్య వచ్చింది. 240 బోర్డులూ మార్చాం. వాటిలో ఆరు వేడిగాలికి పాడైతే, కోఠి సోల్డర్ గారు డబ్బు తీసుకోకుండా నాలుగింటిని బతికించారు. మిగతా రెండింటికి విడిభాగాల నిల్వలోంచి కొత్త బోర్డులు వేశాం. మధ్యాహ్నం ఎండలో మేడ మీద ఛార్జింగ్ పెట్టి చూస్తే సెల్ గోరువెచ్చగా ఉందే తప్ప ఉబ్బలేదు. అయినా ఎండలో, కారులో ఛార్జింగ్ పెట్టవద్దని పెట్టె మూత లోపల తెలుగులో అచ్చు వేయించాం. నిన్న 112 పార్సిళ్లు బయలుదేరాయి. మిగతావి సోమవారానికల్లా వెళతాయి.

ఒత్తు పొల్లు:

అందింది. పులి పులిగానే ఉంది. "స్త్రీ"ని వెతికాను గాని, మీ మెనూలో ఆ మాటే లేదు.

పాత కార్ట్రిడ్జ్:

నాకూ నిన్న సాయంత్రం అందింది. రెండు గంటల పది నిమిషాలు ఆడాక బ్యాటరీ గుర్తు ఎర్రబడింది, గంటన్నరలో మళ్లీ నిండింది. మా నాన్నగారు కళ్లద్దాలు పైకి నెట్టి, తెరను ముక్కు దగ్గర పెట్టుకొని మేకల తరఫున ఆడి రెండుసార్లు గెలిచారు. ఒక్క లోపం. వెనుక మూతకు నాలుగు స్క్రూలు ఉండాల్సింది, నాకు వచ్చిన దానిలో మూడే ఉన్నాయి. కొరియర్ వద్దు, నేనే వచ్చి తీసుకుంటాను. ఏ వేళకు వస్తే ఉంటారో చెప్పండి.

తార్నాక తయారీ:

సాయంత్రం ఆరు దాటాక ఎప్పుడైనా రండి. స్క్రూలు నాలుగు ఎక్కువే పెట్టి ఉంచుతాను. మీ అన్నయ్య గారి అబ్బాయిని కూడా తీసుకురండి.